కాంగ్స్‌ఫ్యోర్డెన్‌లో అడుగు జీవుల సర్వే: స్టేషన్లు తగ్గించండి, ప్రతి గ్రాబ్‌నూ నిలబెట్టండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: విశాఖ, భీమిలి తీరంలో మాక్రోబెంథోస్ (కంటికి ఆనే అడుగు జీవులు) మీద పనిచేశారు. వచ్చే ఆగస్టులో నార్వే ఆర్కిటిక్ దీవులైన స్వాల్‌బార్డ్‌లో, మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రంలో ఉండి కాంగ్స్‌ఫ్యోర్డెన్ అనే ఫ్యోర్డ్‌లో (నేలలోకి చొచ్చుకొచ్చిన లోతైన సముద్రపు పాయ), సముద్రపు అడుగున బతికే వెన్నెముక లేని జీవుల సర్వే చెయ్యాలి. చేతిలో 0.1 చదరపు మీటరు వాన్ వీన్ గ్రాబ్ (తీగతో దింపితే రెండు దవడలు మూసుకుని అడుగు మట్టిని పట్టి తెచ్చే పరికరం) ఒకటి ఉంది, పడవ 5 రోజులు దొరుకుతుంది. 12 స్టేషన్లు, ఒక్కో చోట ఒక్క గ్రాబ్, 1 మి.మీ. జల్లెడ అని ప్లాన్ వేసుకున్నారు. ఇది నిలబడుతుందా, మన తీరానికీ అక్కడికీ పనిలో తేడా ఎక్కడ వస్తుంది అని అడిగారు.

నా సలహా: 8 స్టేషన్లు పెట్టుకోండి. ఒక్కో చోట జీవుల కోసం 3 గ్రాబ్‌లు, మట్టి పరీక్షలకు విడిగా ఇంకో గ్రాబ్. జల్లెడలు రెండు వాడండి, పైన 1 మి.మీ., కింద 0.5 మి.మీ. రోజుకు 2 స్టేషన్ల లెక్కన 4 రోజుల్లో పని అవుతుంది, ఐదో రోజు గాలికీ మంచు ముక్కలకూ వదిలెయ్యండి. లెక్క ప్రకారం 32 సార్లు గ్రాబ్ వెయ్యాలి, కానీ 45 సార్లకు సిద్ధపడి వెళ్లండి. ఎందుకంటే అక్కడ పైకొచ్చిన గ్రాబ్‌లలో కొన్నిటిని మీరే పారబొయ్యాలి. అలా పారబోసే ధైర్యం లేకపోతే మిగతా సర్వే అంతా అనుమానంలో పడుతుంది.

ఒక్కో చోట ఒక్క గ్రాబ్ ఎందుకు చాలదో చూడండి. ఆ గ్రాబ్‌లో ఒక జాతి కనిపించలేదంటే రెండు కారణాలు ఉండొచ్చు: అక్కడ అది లేదు, లేదా గ్రాబ్ దాన్ని అందుకోలేదు. ఆర్కిటిక్‌లో రెండో కారణం మనం అనుకునే దానికన్నా చాలా ఎక్కువ. మంచుగడ్డలు మోసుకొచ్చి కరిగినప్పుడు జారవిడిచిన రాళ్లు మెత్తటి బురదలో అక్కడక్కడా కూరుకుపోయి ఉంటాయి. ఒక రాయి దవడల మధ్య ఇరుక్కుంటే గ్రాబ్ మూసుకోదు, పైకొచ్చేలోపు సగం మట్టి కారిపోతుంది. జీవులు కూడా ఒకేలా పరుచుకుని ఉండవు, గుంపులుగా ఉంటాయి. గ్రాబ్‌కూ గ్రాబ్‌కూ మధ్య తేడా సగటులో 60 శాతం ఉంటే, 20 శాతం ఖచ్చితత్వానికి 0.6ను 0.2తో భాగించి వర్గం చెయ్యండి, 9 గ్రాబ్‌లు కావాలని తేలుతుంది. 9 మీ వల్ల కాదు. 3 వేస్తే కనీసం ఆ తేడా ఎంతో చెప్పగలరు, 1 వేస్తే అదీ చెప్పలేరు.

ఇంకో లెక్క కూడా ముందే చేసుకోండి. 0.5 మి.మీ. మీద నిలిచిన ఫ్యోర్డ్ బురద శాంపిల్ ఒక్కటి ఏరి, గుర్తించి, తూచేసరికి రెండు మూడు రోజులు తింటుంది. 24 శాంపిళ్లంటే మైక్రోస్కోప్ ముందు దాదాపు మూడు నెలలు. సముద్రం మీద 5 రోజుల్లో పోగేసింది ల్యాబ్‌లో మూడేళ్లు మూలుగుతూ ఉండటం ఈ రంగంలో అందరికీ తెలిసిన జబ్బు.

ఇక స్టేషన్లు ఎక్కడ. కాంగ్స్‌ఫ్యోర్డెన్ 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, స్పిట్స్‌బెర్గెన్ పడమటి ఒడ్డున ఉంది. దాని నోటి దగ్గర వెస్ట్ స్పిట్స్‌బెర్గెన్ ప్రవాహం తెచ్చే అట్లాంటిక్ నీరు వెచ్చగా, ఉప్పగా లోపలికొస్తుంది. లోపలి కొసన క్రోనెబ్రీన్, కాంగ్స్‌వేగెన్ లాంటి గ్లేసియర్లు (హిమానీనదాలు) నేరుగా నీళ్లలోకి దిగుతాయి. వేసవిలో వాటి కింద నుంచి కరిగిన నీటితో పాటు ఎర్రటి మెత్తని మట్టి బయటికొచ్చి అడుగున దిగుతుంది. ఆ దగ్గర్లో బతకాలంటే పైనుంచి పడే మట్టిలో పూడిపోకుండా ఉండాలి, తక్కువ తిండితో సరిపెట్టుకోవాలి. అందుకే లోపలి బేలో చిన్న సైజు, పైపై బురద తిని బతికే జాతులు కొన్నే ఉంటాయి. బయటికి వచ్చేకొద్దీ గొట్టాలు కట్టుకునే పురుగులు, పెద్ద ఆల్చిప్పలు, మొత్తంగా జాతుల సంఖ్య పెరుగుతాయి. పోలెండ్‌లోని సోపోట్ నుంచి పనిచేసే మరియా వ్లొడార్స్కా-కొవాల్‌చుక్, ఆమెతో థామస్ పియర్సన్ కలిసి 2004లో ప్రచురించిన పని ఈ ఫ్యోర్డ్‌కు మూలం లాంటిది. వెళ్లే ముందు దాని జాతుల పట్టిక ముందు పెట్టుకుని కూర్చోండి.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. గ్లేసియర్ నుంచి దూరం పెరిగేకొద్దీ లోతూ పెరుగుతుంది. లోపలి భాగం చాలావరకు 100 మీటర్ల లోపే, బయట నడిమధ్య గాడి 300 మీటర్లు దాటుతుంది. మధ్య గాడి వెంబడే స్టేషన్లు పెట్టుకుంటూ పోతే, చివర్లో కనిపించే మార్పు గ్లేసియర్ వల్లనా లోతు వల్లనా అని ఎవరైనా అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. కాబట్టి 8 స్టేషన్లనూ వీలైనంత వరకు 60 నుంచి 100 మీటర్ల మధ్యనే పట్టండి. లోపల 3, మధ్యలో 2, బయట 3. బయటివాటి కోసం గాడి పక్కనున్న అరుగుల మీద వెతకాలి. అక్కడ రాళ్లు ఎక్కువ, గ్రాబ్ ఫెయిలయ్యేదీ అక్కడే, కాబట్టి ఆ మూడింటికీ ఎక్కువ టైం ఉంచుకోండి. తక్కువ లోతుకు వెళ్తే మంచుగడ్డల అడుగులు నేలను దున్నిన చోట్లు తగులుతాయి, వాటి జీవసముదాయం కథ వేరు. గ్లేసియర్ ముఖానికి ఎంత దగ్గరకు వెళ్లాలన్నది పడవ నడిపేవాళ్ల మాట, మీది కాదు. గ్లేసియర్లు వెనక్కి పోతున్నాయి కనుక పాత చార్టులో మంచు ఉన్న చోట ఇప్పుడు నీళ్లుంటాయి, అక్కడ లోతు చార్టులో దొరకదు. ధ్వనితో లోతు కొలిచే ఎకోసౌండర్ చూసుకుంటూ వెళ్లాలి.

గ్రాబ్ దింపడం మీకు తెలిసిన పనే అయినా, మెత్తటి గ్లేసియర్ బురదలో కొన్ని మారతాయి. లోపలి స్టేషన్లలో సీసపు బరువులు తీసెయ్యండి. లేకపోతే గ్రాబ్ అడుక్కంటా దిగిపోయి, బురద పై తలుపుల్లోంచి పొంగిపోతుంది, మనకు అన్నిటికన్నా ముఖ్యమైన పై పొర పోతుంది. బయటి స్టేషన్లకు బరువులు మళ్లీ తగిలించండి. అడుగుకు 10 మీటర్లు ఉందనగా ఆపి, తీగ నిటారుగా నిలిచేదాకా ఆగి, అక్కడి నుంచి సెకనుకు 0.3 మీటర్ల లోపు వేగంతో దింపండి. వేగంగా దింపితే గ్రాబ్ ముందు తోసుకొచ్చే నీరే పైన వదులుగా ఉన్న పొరనూ, దాని మీదున్న కుమేసియన్లు, ఆంఫిపాడ్‌లు అనే రొయ్యల్లాంటి చిన్న జీవులనూ ఎగరగొడుతుంది. నేల తగిలాక ఒకటి రెండు మీటర్ల తీగ వదులు చెయ్యండి, రెండు మూడు సెకన్లు ఆగండి, మొదటి 2 మీటర్లు అతి నెమ్మదిగా లాగండి. దవడలు మూసుకునేది ఆ క్షణంలోనే. అలలున్నప్పుడు దిగుతుండగానే తీగ వదులై కొక్కెం జారి, గ్రాబ్ నడినీళ్లలోనే మూసుకుంటుంది. ఖాళీగా, శుభ్రంగా పైకొస్తే కారణం సాధారణంగా అదే. అక్కడ జీవులు లేవని రాసుకోకండి.

పైకొచ్చాక దవడలు తెరవకముందు పై తలుపు ఎత్తి చూడండి. మంచి గ్రాబ్‌లో బురద మీద ఒకటి రెండు అంగుళాల నీళ్లు తేటగా ఉంటాయి. పురుగుల గొట్టాలు నిటారుగా నిలబడి ఉంటాయి, ఎక్కడో ఒక బ్రిటిల్ స్టార్ (సన్నటి చేతులున్న నక్షత్రం లాంటి జీవి) చెయ్యి మెల్లగా కదులుతుంటుంది, ఉపరితలం అద్దంలా సమంగా ఉంటుంది. చెడ్డ గ్రాబ్‌లో నీళ్లు కాఫీలా కలిసిపోయి ఉంటాయి, లేదా నీళ్లే ఉండవు, మట్టి ఒక పక్కకు వాలి గాడి పడి ఉంటుంది. నడిమధ్యలో స్కేలు గుచ్చి లోతు కొలవండి. బురదలో 7 సెం.మీ., ఇసుకలో 5 సెం.మీ. కన్నా తక్కువ దిగితే పారబొయ్యండి. దవడల్లో రాయి ఉన్నా, మట్టి పై తలుపుకు ఒత్తుకుని ఉన్నా అంతే. వరసగా మూడుసార్లు ఫెయిలైతే 50 మీటర్లు జరగండి, జరిగినట్టు రాయండి. పారబోసినవాటిని కూడా కారణంతో సహా లాగ్‌బుక్‌లో ఎక్కించండి. ఒక స్టేషన్‌లో 3 మంచి గ్రాబ్‌ల కోసం 7 సార్లు వెయ్యాల్సి వచ్చిందన్నది కూడా ఆ నేల గురించిన సమాచారమే. మెత్తటి అడుగున ఉండే ఇలాంటి జీవుల సర్వేకు ఐఎస్‌ఓ 16665 ప్రమాణం ఉంది, రిపోర్టులో పద్ధతి దాని ప్రకారం రాస్తే ఎవరూ వేలెత్తి చూపరు.

పైన ఉన్న తేట నీటిని ఒంపెయ్యకండి, సన్నటి గొట్టంతో 0.5 మి.మీ. జల్లెడ మీదికి తియ్యండి. జీవుల కోసం తీసిన గ్రాబ్‌లోంచి మట్టి కోర్ (గొట్టం గుచ్చి తీసే మట్టి దిమ్మ) కూడా తీసే అలవాటుంటే మానండి. 5 సెం.మీ. వ్యాసం గల కోర్ దాదాపు 20 చదరపు సెం.మీ., అంటే 1000లో 2 శాతం. అది చిన్నదే, కానీ నాలుగు కోర్‌లు తీసేసరికి 8 శాతం అవుతుంది, పైగా చుట్టుపక్కల మట్టి కదిలిపోతుంది. నాలుగో గ్రాబ్ అందుకే. దాంట్లోంచి పై 2 సెం.మీ. మట్టి రేణువుల సైజుకూ, సేంద్రియ కార్బన్‌కూ తియ్యండి. పై 1 సెం.మీ. క్లోరోఫిల్ కోసం అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి వెంటనే గడ్డకట్టించండి. గ్లేసియర్ దగ్గర మట్టి బరువంతా రాతి పొడే, తిండి చాలా తక్కువ. ఆ తేడా చూపించేది ఈ కొలతలే.

జల్లెడ పట్టడం అసలు కష్టం. గ్లేసియర్ బంకమట్టి గోళీల్లా ఉండలు కట్టి జల్లెడ మీద దొర్లుతూనే ఉంటుంది. ఒత్తిడి గల పైపుతో కొట్టినా, వేళ్లతో నలిపినా మట్టితో పాటు పురుగులూ నలుగుతాయి. మట్టిని సముద్రపు నీళ్ల తొట్టిలో 10, 15 నిమిషాలు నాననివ్వండి. తర్వాత కొద్దికొద్దిగా జల్లెడలో పోసి, జల్లెడను ఇంకో తొట్టి నీళ్లలో సగం ముంచి, బియ్యం గాలించినట్టు నెమ్మదిగా ఆడించండి. నీళ్లు కింది నుంచి పైకి వచ్చి వెళ్తుంటే ఉండలు వాటంతటవే కరుగుతాయి. ఒక్కో గ్రాబ్‌కు ముప్పావు గంట పట్టొచ్చు. మంచినీళ్లు వాడకండి, మెత్తటి పురుగుల ఒంట్లోకి నీరెక్కి పగిలిపోతాయి. సముద్రపు నీటి పైపుకు కూడా సన్నటి వల కట్టండి. లేకపోతే నీళ్లలో తేలే కలానస్ కోపిపాడ్‌లు వందల్లో మీ శాంపిల్‌లోకి వస్తాయి, తర్వాత వాటిని ఏరలేక చస్తారు. ఆగస్టులో అక్కడ గాలి సున్నాకు కాస్త పైనే ఉంటుంది కాబట్టి పైపులు గడ్డకట్టే బాధ ఉండదు. కానీ మే నెలలోనో అక్టోబరులోనో వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాలి: ఖాళీ జల్లెడను గాలిలో రెండు నిమిషాలు వదిలితే తీగల మీది నీరు గడ్డకడుతుంది, దాని మీద పడ్డ పురుగు అతుక్కుని తెగుతుంది. జల్లెడను ఎప్పుడూ నీళ్లలోనే ఉంచాలి.

రెండు జల్లెడలు ఎందుకంటే, లోపలి బేలో బతికే కాస్యురా పురుగులు, చిన్న థయాసిరా గుల్లలు చాలావరకు 1 మి.మీ. లోంచి జారిపోతాయి. అవి పోతే లోపలి బే నిజంగా ఉన్నదానికన్నా ఖాళీగా కనిపించి, గ్లేసియర్ ప్రభావం మీ చేతుల్లోనే పెద్దదైపోతుంది. స్వాల్‌బార్డ్ ఫ్యోర్డ్‌లలో చేసిన చాలా పనులు 0.5 మి.మీ. మీద ఉన్నాయి. అదే ఉత్తర బేరింగ్, చుక్చీ సముద్రాల్లో అమెరికా శాస్త్రవేత్త జాకీ గ్రెబ్‌మైయర్ బృందం దశాబ్దాలుగా చేస్తున్నది 0.1 చ.మీ. వాన్ వీన్, 1 మి.మీ. జల్లెడతో. రెండు భాగాలనూ వేర్వేరు డబ్బాల్లో వేసి చివరిదాకా వేరుగానే లెక్కిస్తే, ఎవరితో పోల్చాలన్నా పోల్చొచ్చు. ఒకసారి కలిపేస్తే మళ్లీ విడదియ్యలేరు.

ఫార్మలిన్‌లో వెయ్యడానికి ముందు శాంపిల్‌ను మెగ్నీషియం క్లోరైడ్ ద్రావణంలో 15, 20 నిమిషాలు ఉంచండి. లీటరు మంచినీటికి 75 గ్రాముల హెక్సాహైడ్రేట్ కలిపితే సరిపోతుంది. పురుగులు మత్తులో సాగి ఉంటాయి, ఫార్మలిన్ తగిలిన షాక్‌కు ముక్కలు కావు. ఆ తర్వాత లీటరు డబ్బాలో 400 మి.లీ. మించకుండా శాంపిల్, 900 గీత దాకా సముద్రపు నీరు, ఆ పైన 100 మి.లీ. మార్కెట్ ఫార్మలిన్. దీంతో ఫార్మాల్డిహైడ్ దాదాపు 4 శాతానికి వస్తుంది. డబ్బా నిండా బురద కుక్కితే నడిమధ్య ఉన్నవి కుళ్లిపోతాయి. మూత పెట్టి మెల్లగా తలకిందులు చెయ్యండి, గిలకొట్టకండి.

రెండు విషయాల్లో జాగ్రత్త. మొదటిది, ఫార్మలిన్‌లో వెలిగారం కలిపి ఆమ్లత్వం చంపండి, సీసా అడుగున కరగని వెలిగారం కొంచెం మిగిలి ఉండేలా చూడండి. ఆర్కిటిక్ ఆల్చిప్పల్లో పిల్లల గుల్లలు ఉల్లిపొర అంత పల్చన. ఆమ్లంలో కొన్ని వారాలుంటే గుల్ల కరిగిపోయి ఒట్టి మాంసపు ముద్ద మిగులుతుంది, థయాసిరానో యోల్డియెల్లానో చెప్పడం ఇక ఎవరి తరమూ కాదు. రెండోది మన తీరంలో అసలు ఎదురు కానిది. చలికి ఫార్మలిన్ తెల్లగా విరిగి అడుగున పేరుకుంటుంది, పైన మిగిలిన ద్రవంలో బలం ఉండదు. స్టాక్ సీసాను పడవ డెక్కు మీద వదలకండి, గది వెచ్చదనంలో ఉంచండి. తెల్లటి గసి కనిపిస్తే ఆ సీసా వాడకండి. డీఎన్‌ఏ కోసం అనుకున్నవాటిని ఫార్మలిన్ దరిదాపుల్లోకి రానివ్వకుండా జల్లెడ దగ్గరే ఏరి 96 శాతం ఇథనాల్‌లో వేసుకోండి.

ల్యాబ్‌లో ఏరేటప్పుడు రోజ్ బెంగాల్ రంగు వేస్తే 0.5 మి.మీ. భాగంలో చిన్నవి కంటికి ఆనతాయి. 1 మి.మీ. భాగానికి వెయ్యకండి, కళ్ల మచ్చలు, చర్మపు రంగు చూసి గుర్తుపట్టాల్సినవి గులాబీ ముద్దల్లా అయిపోతాయి. పురుగుల్లో తలలు మాత్రమే లెక్కించాలి, బ్రిటిల్ స్టార్‌లో నడిమి పళ్లెం మాత్రమే. చేతులు ఎన్ని విరిగి పడి ఉన్నా లెక్కలోకి రావు. ఆల్చిప్పల విషయంలో మోసపోవద్దు: ఆ చల్లటి బురదలో చచ్చిన గుల్లలు ఏళ్ల తరబడి రెండు డిప్పలూ అతుక్కుని, పైపొర మెరుస్తూ నిన్న చచ్చినట్టే ఉంటాయి. ప్రతిదీ తెరిచి లోపల మాంసం ఉందో లేదో చూడాలి. గొట్టాలదీ అదే తంతు. ఖాళీ గొట్టం పురుగు కాదు. ఇసుక రేణువులు అతికించుకుని గొట్టం కట్టే ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవులు కూడా ఉంటాయి, పురుగు గొట్టం అనుకుని లెక్కలో కలిపేసిన జాబితాలు లేకపోలేదు.

జాతుల పేర్ల దగ్గర తొందర వద్దు. లోపలి స్టేషన్లలో ఎక్కువగా చేతికొచ్చే కీటోజోన్ పురుగును అందరూ కీటోజోన్ సెటోసా అని రాసేస్తుంటారు, కానీ అది ఒకే జాతి కాదు, ఒకేలా కనిపించే జాతుల గుంపు. "కీటోజోన్ గుంపు" అని రాస్తే తప్పు లేదు, తప్పుడు పేరు రాస్తేనే తప్పు. మాకోమా కాల్కేరియాను మాకోమా మోయెస్టా నుంచి, అస్టార్టే జాతులను ఒకదాని నుంచి ఒకటి చిన్న సైజులో విడదియ్యడం కష్టం. 5 మి.మీ. లోపు పిల్లలను జీనస్ దగ్గరే ఆపండి. ప్రతి జాతికీ రెండు మూడు నమూనాలు విడి సీసాల్లో దాచి, సందేహం ఉన్నవాటిని ఆ సముద్రం తెలిసినవాళ్లకు చూపించాలి. బంగాళాఖాతం జాతుల గుర్తింపు పట్టికలు పట్టుకుని అక్కడి పురుగులను గుర్తించబోతే దారి తప్పుతారు.

గ్రాబ్ ఎప్పటికీ అందుకోలేనివి కూడా ఉన్నాయని రిపోర్టులో రాయండి. మయా ట్రంకాటా అనే ఆల్చిప్ప మట్టిలో బాగా లోతున కూర్చుని పొడుగాటి నాళం ఒక్కటే పైకి చాపుతుంది. గ్రాబ్ ఆ నాళాన్ని కోసుకొస్తుంది, ఒళ్లు కిందే ఉండిపోతుంది. జల్లెడలో తోలులాంటి ముడతల గొట్టం ముక్క కనిపిస్తే అదే. ఉన్నట్టు రాసుకోండి, బరువులో కలపకండి. దీనికి తలకిందుల సమస్య పెద్ద ఆల్చిప్ప దొరికినప్పుడు వస్తుంది. 20 గ్రాముల సెర్రిపెస్ ఒక్కటి పడితే చదరపు మీటరుకు 200 గ్రాములు లెక్క తేలి, ఆ స్టేషన్ మొత్తం పురుగుల బరువును మింగేస్తుంది. బరువుల పట్టిక పెద్దవాటితో ఒకసారి, అవి లేకుండా ఒకసారి ఇవ్వండి. తూచే ముందు గొట్టాలు ఒలిచి, ఫిల్టర్ పేపర్ మీద తడి మరక పడనంత వరకు అద్దాలి. ఫార్మలిన్‌లో మొదటి మూడు నెలలు బరువు మారుతుంది కాబట్టి అన్ని శాంపిళ్లనూ అంతే కాలం ఆగి తూచండి. ఆల్చిప్పలు గుల్లతో తూచారో తీసి తూచారో రాయకపోతే ఆ అంకె ఎవరికీ పనికిరాదు.

బయట పాకే పెద్ద జీవుల కోసం ట్రాల్ (అడుగున ఈడ్చే వల) లాగాలా అని కూడా అడిగారు. మీ పనికి వద్దు. 2 మీటర్ల బీమ్ ట్రాల్‌ను ఒక నాట్ వేగంతో 5 నిమిషాలు లాగితే 154 మీటర్లు, అంటే 300 చదరపు మీటర్ల పైచిలుకు నేల గీరుకుపోతుంది. ఆర్కిటిక్ ఫ్యోర్డ్‌లలో హయాటెల్లా ఆర్కిటికా అనే ఆల్చిప్పల్లో నూరేళ్లు పైబడినవి దొరికాయి. గీరిన నేల మీ ప్రాజెక్టు అయ్యేలోపు కోలుకోదు. పైగా గ్లేసియర్ బురదలో వల నిమిషాల్లో నిండి ముద్దయిపోతుంది, ఎంత దూరం నిజంగా పట్టిందో తెలియదు. బయటి స్టేషన్లలో కింది వైపు చూసే డ్రాప్ కెమెరా వాడండి. 10 సెం.మీ. దూరంలో రెండు లేజర్ చుక్కలు పడేలా బిగిస్తే ప్రతి ఫొటోలో విస్తీర్ణం లెక్కకొస్తుంది. ఒక్కో స్టేషన్‌కు 30 ఫొటోలు, వాటిలో మసక లేనివే లెక్క. క్టెనోడిస్కస్ అనే బురద నక్షత్రాలు, పెద్ద బ్రిటిల్ స్టార్‌లు, రాయి మీద సీ అనిమోన్‌లు, ఇవన్నీ గ్రాబ్‌లో అరుదుగా పడి ఫొటోల్లో బాగా కనిపించేవే. లోపలి బేలో ఆగస్టు మట్టికి కెమెరా పెద్దగా పనిచెయ్యదు, ఆశ పెట్టుకోవద్దు.

ట్రాల్ లెక్కలకు వాటి చోటు వాటికుంది. బారెంట్స్ సముద్రంలో నార్వే, రష్యా 2004 నుంచి ఏటా కలిసి చేసిన ఎకోసిస్టమ్ సర్వేలో చేపల కోసం కాంపెలెన్ ట్రాల్‌ను 15 నిమిషాలు లాగి, దాంట్లో పడ్డ అడుగు జీవులను కూడా తూచి రాశారు. 1960లలో సోవియట్ శాస్త్రవేత్తలు తెచ్చి వదిలిన రెడ్ కింగ్ క్రాబ్, 1996లో అక్కడ తొలిసారి దొరికిన స్నో క్రాబ్ ఎటు పాకుతున్నాయో అంత పెద్ద విస్తీర్ణంలో చూడాలంటే అలాంటి సర్వేలే దారి. కానీ ట్రాల్ అంకెలనూ గ్రాబ్ అంకెలనూ ఒకే పట్టికలో పక్కపక్కన పెట్టకండి. ఒకటి వల కన్నంలోంచి జారనంత పెద్దవాటిని చూస్తుంది, ఇంకోటి బురదలో ఉన్న చిన్నవాటిని. గట్టి నేల మీద ఇంకో పద్ధతి ఉంది: ఇదే ఫ్యోర్డ్‌లోనూ, ఉత్తరాన స్మీరెన్‌బర్గ్ ఫ్యోర్డ్‌లోనూ ఒకే రాతి చదరాలను 1980 నుంచి ఏటేటా ఫొటో తీస్తూ వచ్చారు. కాంగ్స్‌ఫ్యోర్డెన్‌లో 1995లో, స్మీరెన్‌బర్గ్‌లో 2000లో సముద్రపు నాచు ఒక్కసారిగా పెరిగి, అక్కడి జీవుల అమరికే మారిపోయిందని తేలింది. ఏటా అదే చోటు, అదే ఫ్రేము. అందుకే ఆ మార్పు ఏ ఏడాది వచ్చిందో కూడా చెప్పగలిగారు. మీరు కూడా స్టేషన్ స్థానాలను, నెలను, జల్లెడను పక్కాగా రాసి పెడితే, పదేళ్ల తర్వాత ఇంకెవరో అదే చోట గ్రాబ్ వెయ్యగలరు.

లెక్కల దగ్గర ఒక్క మాట. గ్లేసియర్ ప్రభావం గురించి మాట్లాడేటప్పుడు మీ యూనిట్ స్టేషన్, అంటే 8. గ్రాబ్‌లు 24 ఉన్నాయని 24 స్వతంత్ర నమూనాలుగా చూపితే పరిశీలకులు తిప్పి పంపుతారు, అది న్యాయమే. 3 గ్రాబ్‌లు కలిపి స్టేషన్‌కు సగటు తియ్యండి, నాలుగో మూలం తీసి బ్రే-కర్టిస్ పోలిక (రెండు స్టేషన్ల జాతుల కూర్పు ఎంత దగ్గరో చెప్పే కొలత) చూడండి. ఒకే జాతి వందల్లో ఉన్న లోపలి స్టేషన్లలో మూలం తియ్యకపోతే ఆ ఒక్క జాతే మాట్లాడుతుంది.

నీటి వివరాలకు మీకు ఒక మంచి ఆసరా ఉంది. భారత్ 2014 జులైలో ఇదే ఫ్యోర్డ్‌లో 192 మీటర్ల లోతున ఇండార్క్ అనే మూరింగ్ (అడుగుకు లంగరు వేసి నీళ్లలోనే ఉంచే పరికరాల వరస) దింపింది. అట్లాంటిక్ నీరు ఎప్పుడెంత లోపలికొచ్చిందో చెప్పే ఉష్ణోగ్రత, లవణీయత రికార్డు దాంట్లో దొరుకుతుంది. మీరు ఆగస్టులో 5 రోజులు సీటీడీ (లోతుతో పాటు ఉష్ణోగ్రత, లవణీయత కొలిచే పరికరం) వేసి చూసేది ఒక్క క్షణపు ఫొటో. ఈ జీవులు ఏళ్ల తరబడి ఆ నీళ్లలో బతికినవి కాబట్టి ఆ పాత రికార్డు కోసం గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీపీఓఆర్‌ను ఇప్పుడే అడగండి.

మిగిలినవి కాగితాల పనులు, కానీ వీటి దగ్గరే టైం పోతుంది. ప్రాజెక్టును రీసెర్చ్ ఇన్ స్వాల్‌బార్డ్ పోర్టల్‌లో నమోదు చేసి, ఫీల్డ్ పనికి స్వాల్‌బార్డ్ గవర్నర్ కార్యాలయం అనుమతి చాలా ముందుగా తీసుకోవాలి. ఫార్మలిన్ విమానంలో తీసుకెళ్లే వస్తువు కాదు, హిమాద్రి ఉన్న న్యూ-ఓలెసుండ్‌లోని మెరైన్ ల్యాబ్‌తో ముందే మాట్లాడి అక్కడే అందేలా చూసుకోండి. వాడేసిన ఫార్మలిన్ ఎక్కడ పొయ్యాలో కూడా అప్పుడే అడగండి. తిరుగు ప్రయాణంలో శాంపిళ్లు ఓడలో వస్తే నెలలు పడతాయి, అందాకా మూతలు కారకుండా ప్రతి డబ్బానూ విడిగా ప్లాస్టిక్ సంచిలో కట్టండి. లేబుల్ డబ్బా లోపల ఒకటి ఉండాలి, దళసరి ట్రేసింగ్ కాగితం మీద పెన్సిల్‌తో రాసింది: స్టేషన్, గ్రాబ్ నంబరు, జల్లెడ సైజు, తేదీ. బయట మార్కర్‌తో రాసింది ఇథనాల్ ఒక్క చుక్క పడగానే చెరిగిపోతుంది.

స్టేషన్ల అక్షాంశ రేఖాంశాలు ఖాయం చేసుకున్నాక ఇక్కడే పెట్టండి, లోతులు చూసి ఏవి జరపాలో చెప్తాను.